దీపం ఆరలేదని దిగొద్దు తల్లీ

భారతీ,

బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలు చూసి, ఆ చుట్టుపక్కల పేరులేని గుహలకు మ్యాపు గీయడానికి నువ్వు, నీ స్నేహితులు పోతున్నారని మీ నాయన చెప్పినాడు. 1880లలో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ తవ్వించి పాతకాలపు జంతువుల ఎముకలు తీసిన చోటు అది. అక్కడికి మన ఇంటి ఆడపిల్ల టేపు, దిక్సూచి పట్టుకొని పోతోందంటే నాకు ఎంత గర్వమో చెప్పలేను. భయం కూడా అంతే ఉంది. అందుకే ఈ ఉత్తరం.

హెల్మెట్ పెట్టుకో. మనిషికి మూడు లైట్లు ఉండాల, ఫోన్ లైటు లెక్కలోకి రాదు. నలుగురికి తక్కువైతే పోవద్దు. ఐదో మనిషి గుహ నోటి దగ్గరే ఉండాల. గబ్బిలాల పెంట ఎండిపోయి దుమ్ము లేస్తుంటే ఎన్95 మాస్కు తియ్యొద్దు. ఎముక కనబడినా, పెంకు కనబడినా ముట్టుకోవద్దు, అడుగు మట్టిని గెలకొద్దు. మబ్బు పట్టిందంటే ఆ రోజుకు ప్రయాణం మానుకో.

ఇక గాలి సంగతి. దీన్ని మాత్రం రెండుసార్లు చదువు.

బావి పూడిక తీసేముందు లాంతరు వదిలి చూడటం మన సీమలో పాత అలవాటు. దీపం వెలిగితే గాలి ఉన్నట్టే అనుకుంటారు. అది తప్పు. మంట ఆరాలంటే ఆక్సిజన్ మామూలు 21 శాతం నుంచి 16, 17కు పడిపోవాల. కార్బన్ డయాక్సైడ్ అంతకన్నా ముందే మనిషిని పడగొడుతుంది. కుళ్ళిన ఆకులు, కట్టెలు, గబ్బిలాల పెంట ఆక్సిజన్‌ను తిని దాదాపు అంతే కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతాయి. అంటే ఆక్సిజన్ 17కు వచ్చేసరికి ఇది 4 శాతానికి చేరి ఉంటుంది. వెంటనే ప్రాణానికి అపాయమని లెక్కగట్టిన హద్దు ఆ 4 శాతమే. లాంతరు మాత్రం అప్పటిదాకా వెలుగుతూనే ఉంటుంది! వేరేచోట పుట్టిన వాయువు పల్లానికి జారి నిండితే ఇంకా ఘోరం, అప్పుడు అది 10 శాతం దాకా చేరినా మంట ఆరకపోవచ్చు. ఆ 10 శాతంలోనే నిమిషాల్లో స్పృహ పోతుంది.

కల్లుకుండలో నురుగు తెచ్చేది ఈ వాయువే. గాలికన్నా బరువు, వాసన ఉండదు. గుంతల్లో, బావిలా దిగే మెట్టుల్లో నిలబడిపోతుంది. ఆక్సిజన్ ఒక్కటే చూపే మీటరు కొనొద్దు. దాని అలారం 19.5 దగ్గర మోగుతుంది. పల్లంలో చేరిన వాయువైతే అది మోగేసరికి 6 శాతం దాటి ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్‌ను నేరుగా కొలిచేదే కావాల. బయట శుభ్రమైన గాలిలో సరిచూసుకొని, తాడుకు కట్టి మీకన్నా ముందు దాన్ని కిందికి వదులు. రెండు నిమిషాలు ఆగి, ఎక్కువలో ఎక్కువ ఎంత చూపిందో చూడు. ఒక శాతం చూపితే వెనక్కి తిరుగు. పని చేయకుండానే ఆయాసం వచ్చినా, తల బరువెక్కినా, మీటరు ఏం చూపినా సరే, పైకి వచ్చెయ్.

కిందికి దిగినవాడు కుప్పకూలితే వెనకాలే ఇంకొకరు దిగుతారు. బావుల్లో ఒకే పూట ఇద్దరు, ముగ్గురు పోయేది అందుకే. నువ్వు ఆ పని చేసే పిల్లవే, నాకు తెలుసు. చెయ్యొద్దు తల్లీ. దిగేవాళ్ళకు ముందే నడుముకు, తొడలకు పట్టీ కట్టి, తాడు పైవాళ్ళ చేతిలో ఉంచండి. పడితే లాగాల, దిగకూడదు.

ఎండాకాలం వద్దు. బయట గాలి వేడెక్కి తేలికైతే లోపలి గాలి కదలదు. పుష్యం, మాఘం రాత్రుల్లో చల్లగాలి బరువుగా లోపలికి దిగి, పాతదాన్ని బయటికి తోస్తుంది.

కొలతలు తీసేటప్పుడు తలలైటు దిక్సూచికి దగ్గరపెడితే సూది పక్కకు లాగుతుంది, బెల్టు బకిల్‌తోనూ అంతే. ముందున్న మనిషి వెనక్కి, వెనకున్న మనిషి ముందుకి చూసి దిక్సూచి చదవాల. ఆ రెండు దిక్కులకు మధ్య 180 డిగ్రీలు రావాల. దానికి రెండు డిగ్రీల కన్నా ఎక్కువ తేడా వస్తే మళ్ళీ చదవండి. బెలుం గుహల కొలతలు జర్మనీ వాళ్ళు 1982, 83లలో తీసినారు, 3,229 మీటర్లని లెక్క తేలింది. మీరు తీసే గుహ యాభై మీటర్లే అయినా అంత నిజాయితీగా ఉండాల.

మీటరుకు డబ్బు చాలకపోతే మొహమాటపడొద్దు, నేను పంపిస్తా. గుహ నోటి దగ్గర ఎవరిని కూర్చోబెడుతున్నావో, ఎన్ని గంటలకు బయటికొస్తారో బయల్దేరే ముందురోజే నాకు చెప్పు.

మీ పెద్దనాయన