పాఠకుల ప్రశ్నలు: వంక వెంబడి ఒకసారి నడవండి

ప్రశ్న: అయ్యా, మాది కళ్యాణదుర్గం దిక్కున ఒక చిన్న పల్లె. నేను వార్డు మెంబరును. వాతావరణ మార్పుల మీద మా పంచాయతీలో మీటింగు పెట్టినారు. సచివాలయం ముందర మొక్కలు నాటి ఫోటోలు తీసుకున్నాము. ఎండాకాలం వచ్చేసరికి అవన్నీ ఎండిపోయినాయి. పెద్ద వాన పడినా మా చెరువుకు నీళ్లు చేరడం లేదు. శెనక్కాయ ఏసినోళ్లు ఏడాదికేడాది అప్పుల్లో మునుగుతాండారు. ఇట్లాంటి దాంట్లో పంచాయతీ చేతనయ్యే పని ఏమన్నా ఉందా? లేకుంటే ఇదంతా ఢిల్లీ, అమరావతి వాళ్ల పనేనా?
– ఒక వార్డు సభ్యురాలు, అనంతపురం జిల్లా

జవాబు: అమ్మా, ఉంది. మీ జాబులో నన్ను ఆపింది చెరువు గురించి రాసిన మాట. అక్కడి నుంచే మొదలుపెడదాం.

మన జిల్లాలో ఏడాదికి సగటున పడేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అది తాతల కాలం నుంచీ తక్కువే. ఇప్పుడు చిక్కంతా వాన పడే తీరుతో. విత్తనం వేశాక వారాల తరబడి బెట్ట, ఆ తర్వాత ఒక్క రాత్రిలో కుండపోత. 2022 అక్టోబరులో అనంతపురంలో నడిమివంక పొంగి కాలనీలు మునిగింది ఈ కరువు జిల్లాలోనే కదా. అట్లా ఒక్కసారిగా పడిన వానను పట్టి నిలబెట్టగలిగేవి చెరువులు, కుంటలు. వాటికి ఢిల్లీ దాకా పోనక్కర్లేదు.

నేను చిన్ననీటి వనరుల పనుల్లో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ని. చెరువుకు నీళ్లు రావడం లేదంటే అందరం కట్ట దగ్గరికే పోతాం. తూము చూస్తాం, ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే మరవ చూస్తాం, పూడిక కొలుస్తాం. జబ్బు చాలాసార్లు పైన, నీళ్లు వచ్చే వంకలో ఉంటుంది. కంబదూరు దిక్కున ఒక ఊరి చెరువుకు కట్ట గట్టిగా ఉంది, తూము బాగుంది, నీళ్లు మాత్రం లేవు. వంక పట్టుకుని పైకి నడిస్తే సంగతి బయటపడింది. రోడ్డు వేసినవాళ్లు వంక మీద కల్వర్టు కట్టకుండా సన్నని సిమెంటు పైపు ఒకటి పెట్టి పోయారు. దానికి కంప అడ్డం పడి, మట్టి మూసుకుపోయి, నీళ్లు పక్కకు తిరిగి చీనీ (బత్తాయి) తోటల్లోకి పోతున్నాయి. అక్కడ నీళ్లు నిలబడి చెట్లు చస్తున్నాయి, ఇక్కడ చెరువు కింది ఆయకట్టుకు చుక్క లేదు. ఆ ఒక్క పైపు రెండు వైపులా రైతులను ముంచింది.

కాబట్టి మీరు మొదట చేయాల్సింది నడక. గ్రామ సర్వేయరును, చెరువు నీళ్లు మళ్లకు పంచే పాత నీరుగంటి ఇంటివాళ్లలో ఒకరిని, ఆయకట్టు మొదటి మడి రైతును, చివరి మడి రైతును వెంటబెట్టుకోండి. ఊరి నక్షా చేతిలో ఉండాలి. చెరువు నుంచి గుట్ట దాకా వంక ఎక్కడ పూడింది, ఎక్కడ దున్నేశారు, ఎక్కడ కంప మూసేసింది, సర్వే నంబరుతో సహా రాసుకోండి. ఇది మే నెలలోపు జరగాలి. వానలు మొదలయ్యాక నడిస్తే పని మంజూరయ్యేసరికి కాలం దాటిపోతుంది. ఎవరైనా వంకను దున్నుకుని ఉంటే ముందు వాళ్ల ఇంటికి పోయి మాట్లాడండి. చాలామంది వింటారు. విననివాళ్లకు నీరు, భూమి, చెట్ల రక్షణకు చేసిన 2002 నాటి వాల్టా చట్టం ఉంది.

ఆ జాబితాను గ్రామసభలో చదివి, తీర్మానం చేయించి, పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఎక్కించండి. తీర్మానం నకలు మీ దగ్గర ఉంచుకోండి. ఆ చెరువు పంచాయతీరాజ్ వాళ్లదో, జలవనరుల శాఖదో ముందు కనుక్కోండి. అర్జీ ఎవరికివ్వాలో దాన్నిబట్టి తెలుస్తుంది. వంక పూడిక తీయడానికి ఉపాధి హామీ కూలీలు చాలు. ఆ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మన నార్పల మండలం బండ్లపల్లిలోనే. ఇక 15వ ఆర్థిక సంఘం 2021-22 నుంచి 2025-26 వరకు పంచాయతీలకు ఇచ్చిన నిధుల్లో 60 శాతానికి షరతు ఉంది: అందులో సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీటికి, వాననీటి నిల్వకు. మీ ఊర్లో ఆ నీటి పద్దు దేనికి ఖర్చయిందో సభలో అడగండి. వార్డు మెంబరుగా అడిగే హక్కు మీకుంది.

వంక పక్క పంచాయతీలో పుడుతుంటే పని కొంచెం కష్టం. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి చెరువు శాసనం ఉంది. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు వేయించినది. చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెప్పారు. రెండు రాజ్యాల పొలిమేరలో చెరువు ఉండటం ఆ ఆరింటిలో ఒకటి. మీకు రాజ్యాల బదులు పంచాయతీలు. ఇద్దరు సర్పంచులనూ ఒకేరోజు వంక దగ్గరికి పిలిపించండి, రెండు గ్రామసభల్లోనూ ఒకే తీర్మానం చేయించండి. తర్వాత మీ ఎంపీటీసీ ద్వారా మండల పరిషత్తులో పెట్టించండి.

మొక్కలంటారా, ఫోటో కోసం నాటినవి ఎండిపోతాయి, ఎండిపోయినందుకు నాకూ బాధే. ఉపాధి హామీ కింద నాటితే నీళ్లు పోసి కాపాడే మనిషికి కూలి ఇచ్చే వీలుంది. ఆ మనిషి పేరు ఖాయం కాకుండా గుంత తవ్వనియ్యొద్దు. చెరువు కట్ట మీద పెద్ద చెట్లు వద్దు, వేర్లు కట్టను గుల్ల చేస్తాయి. వంక గట్లకు కానుగ, ఊరి దారులకు వేప, చింత మేలు.

శెనక్కాయ సంగతి ఇంకోసారి వివరంగా రాస్తాను. ఇప్పటికి ఒక్క మాట: ఒక్క పంట మీదే బతుకు పెట్టకుండా సాళ్ల మధ్య కంది వేయించండి. తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలను పచ్చగా కప్పి ఉంచే పద్ధతిని ప్రకృతి వ్యవసాయం సిబ్బంది చూపిస్తారు, అడగండి.

ప్రశ్న: మా పక్కనే గని, శకునాల సోలార్ పార్కు ఉంది. మా పంచాయతీకేమో వీధిదీపాల బిల్లు కట్టడమే కష్టంగా ఉంది. సోలార్‌తో మాకేమీ లాభం లేదా?
– ఒక పాఠకుడు, ఓర్వకల్లు, కర్నూలు జిల్లా

జవాబు: అయ్యా, ఆ 1,000 మెగావాట్ల పార్కు కరెంటు గ్రిడ్డుకు పోతుంది, మీ బిల్లుకు దానితో సంబంధం లేదు. ముందు పగలు వెలిగే దీపాలను ఆపించండి. లైనుకొక టైమరు పెడితే చాలు. తర్వాత ఇళ్ల మీదికి రండి. ఇంటి కప్పు మీద సోలార్ పలకలు పెట్టుకునేవాళ్లకు 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద రెండు కిలోవాట్ల వరకు కిలోవాటుకు 30,000 రూపాయలు, మూడు కిలోవాట్లకు 78,000 సబ్సిడీ వస్తుంది. తమ పరిధిలో పలకలు బిగించిన ఒక్కో ఇంటికి స్థానిక సంస్థకు 1,000 రూపాయల ప్రోత్సాహకం కూడా ఆ పథకంలో ఉంది. వంద ఇళ్లయితే పంచాయతీకి లక్ష. దరఖాస్తుకు ఇంటి కరెంటు బిల్లు, బ్యాంకు ఖాతా వివరాలు కావాలి. సచివాలయంలో వారానికొక రోజు దీనికే కేటాయించమని సర్పంచును అడగండి.