నల్ల పిల్లలే పుట్టాయి, తెల్లవి రావా?

ప్రశ్న: మాస్టారూ, నా దగ్గర ఆక్సోలాటల్ (నీళ్లలోనే బతికే మెక్సికో సాలమాండర్) జంట ఉంది, ఆడది తెల్లది, మగది నల్లది. మొదటి విడత గుడ్లలో నూటపాతిక పిల్లలు బతికాయి. ఒక్కటీ తెల్లది కాదు. అమ్మినవాడు మోసం చేశాడంటారా?
– ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: ఆయన్ని తిట్టకండి. తెలుపు ఎక్కడికీ పోలేదు, నలుపు చాటున కూర్చుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి జన్యువు వస్తుంది కదా, నలుపుది ఒక్కటి చాలు, పైకి నలుపే. వీటిలో అన్నాచెల్లెళ్లను కలిపితే సగటున నాలుగింట ఒకటి తెల్లది వస్తుంది గానీ, నేనైతే వద్దంటాను. అసలే 1864లో పారిస్‌లో దుమేరిల్ అనే జంతుశాస్త్రవేత్త చేతికొచ్చిన ఆరింటిలో ఉన్న ఒకే ఒక్క తెల్ల మగదాని నుంచే ఈ తెలుపు వచ్చింది. ఉన్న చుట్టరికాలు చాలు! బయటి నుంచి తెల్ల మగదాన్ని తెచ్చుకోండి, పిల్లలన్నీ తెల్లవే.

కొనేముందు కళ్లు చూడండి. మీ ఆడదానివి నల్లకళ్లయితే మగదానివీ నల్లకళ్లే ఉండాలి. ఎర్రకళ్ల పసుపుదాన్ని చూసి ‘ఇదీ లేత రంగేగా’ అనుకుని నేను నా తెల్లదానికి జతగా తెచ్చాను. పుట్టినవన్నీ నల్లవే! రెండింటి లోపాలూ వేర్వేరు జన్యువులవి, ఒకదాని లోటు ఇంకొకటి పూడ్చేసింది.

మేతకు మనవైపు కొరత లేదు. రొయ్యల హేచరీల వాళ్లు వాడే ఆర్టీమియా (బుల్లి ఉప్పునీటి రొయ్యలాంటి జీవి) గుడ్లనే పొదిగించి వేయండి, కదిలేదాన్నే పిల్లలు పట్టుకుంటాయి. ఆలస్యమైతే పక్కదాని కాలు కొరికేస్తాయి. మా టబ్బులో ఒకదానికి ముందుకాలు పోయిన చోట బియ్యపు నూకంత మొగ్గ వచ్చి, దానికి వేళ్లు విడివడటం నేను రోజూ భూతద్దంతో చూశాను.

అసలు టెన్షన్ మన ఎండలతో. నీళ్లు 16–18 డిగ్రీలుండాలి, 24 దాటితే మేత మానేస్తాయి. మామిడికాయలు కొట్టించే రోజున మా అమలాపురంలో కరెంటు పోయి, నీళ్లు చల్లబరిచే చిల్లర్ ఆగింది. గడ్డకట్టిన నీళ్ల సీసాలు టబ్బులో తేలేసి, గంటకోసారి మార్చుకుంటూ సాయంత్రం దాకా కూర్చున్నాను. ఆవకాయ మా ఆవిడ ఒక్కతే కలుపుకుంది, ఇప్పటికీ దెప్పుతుంది.

ఇంకొకటండి. 2024 నిబంధనల ప్రకారం ఇలాంటి విదేశీ జంతువుల్ని కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి, పుట్టిన పిల్లల్నీ చూపాలి. మీ నూటపాతికనూ ఎక్కించారా?