గ్రీసు సంక్షోభంలో మీడియా నోరు కట్టేసింది ఎవరు?

2010 తర్వాత గ్రీసు అప్పుల్లో కూరుకుపోయినప్పుడు అక్కడి పెద్ద ఛానెళ్లు, పేపర్లు చాలా విషయాల్లో మెత్తబడటానికి కారణం సెన్సార్ చట్టమేమీ కాదు, వాటి నెత్తిమీదున్న అప్పులే. యజమానుల్లో చాలామందికి ఓడల వ్యాపారమో, ప్రభుత్వ కాంట్రాక్టులో ఉండేవి. యాడ్‌లు పడిపోయాక పేపరు నడవాలంటే బ్యాంకు అప్పే దిక్కు, ఆ బ్యాంకులేమో బెయిలవుట్ (యూరప్ దేశాలు, ఐఎంఎఫ్ ఇచ్చిన ఆదుకునే అప్పు) డబ్బుతో బతికేవి. ఇక ఆ బ్యాంకుల మీద ఎవరు రాస్తారు? పైనుంచి ఫోన్ రాకముందే ఎడిటరే కత్తెర పట్టుకుంటాడు.

ఉదాహరణకి, స్విస్ బ్యాంకు ఖాతాలున్న, పన్ను ఎగ్గొట్టారేమోనని అనుమానమున్న దాదాపు 2,000 మంది గ్రీకుల పేర్లతో 'లగార్డ్ లిస్ట్' (అప్పటి ఫ్రాన్స్ ఆర్థిక మంత్రి క్రిస్టీన్ లగార్డ్ పంపింది కాబట్టి ఆ పేరు) 2010లోనే గ్రీసు ప్రభుత్వం చేతికొచ్చింది. రెండేళ్లు పెద్దగా కదలికే లేదు. చివరికి 2012 అక్టోబరులో దాన్ని అచ్చేసింది పెద్ద పేపరు కాదు, హాట్ డాక్ అనే చిన్న పత్రిక. ఎడిటర్ కోస్తాస్ వాక్సెవానిస్‌ని అరెస్ట్ చేశారు (పన్ను ఎగ్గొట్టినవాళ్లను కాదు, చూడండి), రోజుల్లోనే కోర్టు నిర్దోషి అంది.

చాలామంది పొరబడేది ఇక్కడే: టీవీలో లాకిస్ లాజోపులోస్ లాంటి కమెడియన్లు అప్పట్లో నాయకుల్ని ఉతికేసేవాళ్లు కదా, మీడియాకి స్వేచ్ఛ ఉన్నట్టేగా అంటారు. జోకుకి కాగితాలు అక్కర్లేదు, పైగా రేటింగ్ తెస్తుంది. ఏ ఖాతా ఎవరిదో పేరుపెట్టి చెప్పే వార్తతోనే యజమానికి టెన్షన్.