తీగ ఎత్తే ముందు

అమ్మలూ,

రేడియోలో దూరాలవాళ్లతో మాట్లాడే ఆ హామ్ రేడియో పరీక్షకు చదువుతున్నావని నిన్న మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఎంత సంతోషం వేసిందో! ఆ వెంటే గుండెదడ కూడా మొదలైంది.

చదువు సంగతి నీకు చెప్పక్కర్లేదు. లైసెన్సు, రేడియోలో నీ పేరులాంటి కాల్‌సైన్ చేతికొచ్చేదాకా ట్రాన్స్‌మిట్ చెయ్యకు, అంతే. ఈలోపు బాగా విను. హామ్‌లు మాట్లాడే ఎస్‌ఎస్‌బీ పద్ధతి పట్టే రిసీవరే తీసుకో, మామూలు రేడియోలో ఆ మాటలు బాతుల గోలలా ఉంటాయి. పగలు 14 మెగాహెర్ట్జ్ చూడు, పొద్దుగూకాక 7కి రా. ఏదో ఒక రాత్రి ఆ బరబరల్లోంచి "సీక్యూ, సీక్యూ" అంటూ, ఎవరైనా పలకండని పిలిచే సముద్రం అవతలి గొంతు తేలివస్తుంది. ఎక్కడో పైన గాలిపొర అయనోస్ఫియర్‌ను తాకి దిగొచ్చిన ఆ గొంతు మొదటిసారి విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇక యాంటెన్నా. 143ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే డైపోల్, అంటే మధ్యలో కేబుల్ కలిపే తీగ యాంటెన్నా, పొడవు మీటర్లలో వస్తుంది. 7.1కి ఇరవై మీటర్ల పైచిలుకు. ఇరవై మూడేళ్లప్పుడు ఈ లెక్క నాకు నోటికి వచ్చు. తీగ తెగితే ఎటు పడుతుందన్నది మాత్రం ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

తాడుకి రాయి కట్టి చెట్టుకొమ్మ మీదుగా విసిరాను. గోడ అవతల కరెంటు తీగలున్నాయి. దూరంగానే ఉన్నాయనుకున్నాను. రాగితీగ రెండో కొస మీ నాన్న పట్టుకున్నాడు, అప్పటికి పద్నాలుగేళ్లవాడు. చీకటి పడేలోగా పైకెక్కించాలని నా తొందర. ఇంతలో అమ్మ పిలిస్తే వాడు కొస కింద పడేసి లోపలికి పరుగెత్తాడు. నేను తాడు ఇంకాస్త లాగాను. పుటుక్కున తెగింది. రాగితీగ కొరడాలా ఎగిరి కరెంటు తీగ మీద పడింది. కళ్లు బైర్లుకమ్మే మెరుపు, పేలుడు. క్షణం క్రితం వాడు నిలబడ్డ చోట గడ్డి మాడిపోయింది.

బయటికొచ్చి "కరెంటెందుకు పోయిందన్నయ్యా?" అని అడిగాడు. తెలియదన్నాను. ఈ రోజుకీ వాడికి నిజం చెప్పలేదు. ఈ ఉత్తరం వాడికీ చూపించు.

కేబుల్ ఊడకుండా చూసుకోవడం, మబ్బు పడితే రేడియో నుంచి దాన్ని విప్పేయడం నువ్వే నేర్చుకుంటావు. ఇదొక్కటి మాత్రం నా మాట విను తల్లీ. యాంటెన్నా స్తంభం కూలినా, దాని తీగ తెగి గాలికి ఎగిరినా అది కరెంటు తీగ దరిదాపులకు పోకూడదు. ఒంటరిగా ఎక్కకు. సాయంత్రం పూట అసలే వద్దు.

ఇంటి చుట్టూ ఉన్న కరెంటు తీగలన్నీ గీసి, దూరాలు వేసి ఒక కాగితం పంపు. నేను చూసి సరేననే దాకా తాడు ముట్టుకోకు.

నీ పెదనాన్న