పాలిప్ తీయించుకున్న వెంటనే ఐవీఎఫ్‌కి అప్పు చేయాలా?

ప్రశ్న: నా వయసు 31, మావారికి 35. హైదరాబాద్‌లో ఉంటాం, ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. రెండేళ్లుగా పిల్లల కోసం ఎదురుచూస్తున్నాం. ఎనిమిది నెలలుగా నెలసరిలో రక్తస్రావం విపరీతంగా ఉండటం, హిమోగ్లోబిన్ 9కి పడిపోవడంతో స్కాన్ చేసి గర్భాశయంలో పాలిప్ (లోపలి పొరపై పెరిగే చిన్న కండ) ఉందన్నారు. మూడు వారాల క్రితం హిస్టరోస్కోపీ (గర్భాశయంలోకి సన్నని కెమెరా గొట్టం పంపి చేసే ఆపరేషన్) చేసి తీసేశారు. రూ.64,000 ఖర్చయింది. మా ఆఫీసు పాలసీలో క్లెయిం పెడితే ‘సంతానలేమి చికిత్స’ అని తిరస్కరించారు. ఆపరేషన్ చేసిన డాక్టర్ రెండు నెలసరులు చూసి ప్రయత్నించమన్నారు. వేరే ఫెర్టిలిటీ సెంటర్‌లో మాత్రం వచ్చే నెలే ఐవీఎఫ్ మొదలుపెడదామంటున్నారు. ప్యాకేజీ రూ.2,10,000, వడ్డీ లేని 12 నెలల ఈఎంఐ. ఇంకా మావారికి ఏ పరీక్షా చేయలేదు. ఆయన రూ.2 లక్షల చీటీ పాడేద్దామంటున్నారు. అత్తయ్య నన్ను ఉద్యోగం మానేయమంటున్నారు. ఇద్దరికీ కలిపి చేతికొచ్చేది రూ.92,000, అందులో నాది రూ.38,000. అద్దె 18,000, పాత లోన్ ఈఎంఐ 14,000, చీటీ 10,000, ఊళ్లో పెద్దవాళ్లకు 8,000, ఇంటి ఖర్చు 28,000, సిప్ 6,000. బ్యాంకులో రూ.1,16,000 మిగిలింది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు మీ ఆరోగ్యం కుదుటపడాలి. రెండేళ్ల ఎదురుచూపు, నెలనెలా నిరాశ, దాని మీద ఆపరేషన్. ఇన్ని చూసినవారికి ‘వచ్చే నెలే మొదలుపెడదాం’ అన్న మాట ఎంత ఆశగా వినిపిస్తుందో నాకు తెలుసు. అయినా నా సలహా ఒక్కటే. మీ డాక్టర్ ఆగమన్న ఈ రెండు మూడు నెలల్లో ఏ అప్పు కాగితం మీదా సంతకం పెట్టకండి.

నేను డాక్టర్ని కాను. చికిత్స ఎప్పుడన్నది మీ డాక్టర్ చెప్పాల్సిందే. కానీ ఆవిడ ఆగమన్న మాట వెనక గట్టి ఆధారం ఉంది, అది మీ డబ్బుకీ సంబంధించినదే. స్పెయిన్‌లో చేసి 2005లో ప్రచురించిన ఒక అధ్యయనంలో పాలిప్ ఉండి ఐయూఐకి (వీర్యాన్ని నేరుగా గర్భాశయంలోకి పంపే చికిత్స) సిద్ధమవుతున్న రెండు వందల మందికి పైగా మహిళలను చూశారు. పాలిప్ తీసినవారిలో 63 శాతం మంది గర్భం దాల్చారు. తీయనివారిలో 28 శాతమే. నన్ను ఆలోచింపజేసిన అంకె ఇంకొకటి ఉంది. పాలిప్ తీయించుకుని గర్భం దాల్చినవారిలో 65 శాతం మందికి మొదటి ఐయూఐ చేయకముందే, ఆపరేషన్ తర్వాత ఆగిన ఆ కొద్ది నెలల్లోనే, సహజంగా నిలిచింది. ఇది మీకూ జరిగి తీరుతుందని చెప్పడం లేదు. ట్యూబులు మూసుకుపోయినా, మీవారి వైపు సమస్య ఉన్నా లెక్క మారిపోతుంది. కానీ పైసా ఖర్చు లేకుండా వచ్చిన ఈ అవకాశాన్ని పరీక్షించకుండానే రూ.2,10,000 కట్టేయడం సరికాదు. మీ వయసు 40 దగ్గరపడి ఉంటే, అండాల నిల్వ బాగా తగ్గిందని రిపోర్టు ఉంటే ‘ఆగండి’ అని ఇంత ధైర్యంగా రాసేవాణ్ని కాదు. ఆ నిల్వను చెప్పే ఏఎంహెచ్ రక్తపరీక్ష అవసరమా అని మీ డాక్టర్ని ఒక్కసారి అడగండి.

ఇక ఈఎంఐ. మీ ఖర్చులన్నీ కూడితే రూ.84,000. మిగిలేది 8,000. రూ.2,10,000ని 12 నెలలకు పంచితే నెలకు 17,500. అంటే మొదటి నెల నుంచే 9,500 లోటు. వడ్డీ లేదన్నారు సరే, ప్రాసెసింగ్ ఫీజు ఎంతో, ఒక కిస్తీ తప్పితే ఎంత వేస్తారో రాతపూర్వకంగా అడిగారా? ప్యాకేజీలో ఇంజెక్షన్లు ఉన్నాయా, పిండాలను ఫ్రీజ్ చేసి తర్వాత గర్భాశయంలో పెట్టాల్సివస్తే అది వేరే బిల్లా? చాలాచోట్ల వేరే బిల్లే. అన్నిటికన్నా బాధ కలిగించేది ఇంకోటుంది. ఐవీఎఫ్ మొదటిసారే ఫలించాలని లేదు. ఫలించకపోయినా కిస్తీలు ఆగవు. ఆ దుఃఖంలో పన్నెండు నెలలు ఆ ఈఎంఐ కట్టిన దంపతులను చూశాను, రెండో ప్రయత్నానికి వాళ్ల దగ్గర ఏమీ మిగల్లేదు.

చీటీ కూడా ఇప్పుడు పాడకండి. 20 నెలల చీటీలో ఎనిమిది కట్టారనుకుంటే, ఈ దశలో పాట బాగా కిందికి పోతుంది, చాలా వదులుకోవాలి. నెలలు గడిచేకొద్దీ ఆ నష్టం తగ్గుతుంది. అంతవరకూ తొందరపడి పాడుకున్నవాళ్లు వదులుకున్న సొమ్ములో మీ వాటా మీకు వస్తూనే ఉంటుంది. నిజంగా అవసరమైతే ఏడెనిమిది నెలల తర్వాత చూసుకోవచ్చు.

అసలు డబ్బు మీ చేతిలోకి రావాల్సింది ఇన్సూరెన్స్ నుంచి. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను. మన ఆరోగ్య పాలసీల్లో సంతానలేమి చికిత్సకు ఒక ప్రామాణిక మినహాయింపు ఉంటుంది, కోడ్ ఎక్స్‌క్లూజన్ 17. ఐవీఎఫ్, ఐయూఐ లాంటివి అందులోకి వస్తాయి. మీకు జరిగింది అది కాదు. విపరీత రక్తస్రావం, రక్తహీనత, దానికి కారణమైన పాలిప్. అయినా తిరస్కరించారంటే డిశ్చార్జ్ సమ్మరీ తీసి చూడండి. పై వరుసలో ‘ప్రైమరీ ఇన్‌ఫెర్టిలిటీ’ (ఇంతవరకూ గర్భం రాని సంతానలేమి) అని రాసి ఉంటుందని నా అనుమానం. పిల్లల కోసం చూస్తున్నామని మీరు చెప్పిన మాట అక్కడ రోగం పేరుగా మారిపోయి ఉంటుంది.

డాక్టర్ దగ్గరికి వెళ్లి, ఆపరేషన్ ఎందుకు అవసరమైందో వివరించే లేఖ అడగండి. లేనిది రాయమనకండి, ఉన్నదే స్పష్టంగా రాయమనండి. ఎనిమిది నెలల ఓపీ చీటీలు, హిమోగ్లోబిన్ రిపోర్టు, స్కాన్, బయాప్సీ (తీసిన పాలిప్‌ను ల్యాబ్‌లో పరీక్షించిన) రిపోర్టు దానికి జతచేసి మీ హెచ్ఆర్ ద్వారా, బీమా కంపెనీ ఫిర్యాదుల అధికారికి కూడా పంపండి. ఆపరేషన్‌కు ముందు 30 రోజులు, తర్వాత 60 రోజుల ఖర్చులు చాలా పాలసీల్లో వస్తాయి, కాబట్టి స్కాన్, మందుల బిల్లులూ పారేయకండి. వాళ్లు మళ్లీ కాదన్నా, నెల రోజుల్లో జవాబివ్వకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌కు (కంపెనీలపై ఫిర్యాదులు విని తీర్పిచ్చే అధికారి) ఫిర్యాదు చేయొచ్చు. హైదరాబాద్‌లోనే కార్యాలయం ఉంది, పైసా ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. కంపెనీ కాదన్న ఏడాదిలోపు వెళ్లాలి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్లోనూ నమోదు చేయండి. ఒక్కసారి ‘కాదు’ అనగానే వదిలేసేవాళ్లే ఎక్కువ. మీరు వదలకండి, ఇది మీ డబ్బు.

ఉద్యోగం మాత్రం మానొద్దు. అత్తయ్యగారు ప్రేమతోనే అంటున్నారు, ఆవిడతో నెమ్మదిగా మాట్లాడండి. ఈ ఆపరేషన్‌కు కోత ఉండదు. చాలామంది అదే రోజు ఇంటికి వెళ్తారు, రెండు మూడు రోజుల్లో కుర్చీ పని చేసుకోగలుగుతారు. కొన్నాళ్లు కొద్దిగా రక్తం కనపడటం, కడుపులో నొప్పి మామూలే. జ్వరం, దుర్వాసన, ప్యాడ్లు తడిసిపోయేంత రక్తస్రావం ఉంటే మాత్రం కన్సల్టేషన్ ఫీజు గురించి ఆలోచించకుండా వెంటనే వెళ్లండి. మీరు మానేస్తే పోయేది 38,000 జీతం ఒక్కటే కాదు. మీ ఇద్దరికీ ఉన్న ఆఫీసు పాలసీ పోతుంది. కాన్పు కవరేజీ ఉంటే అదీ పోతుంది. 26 వారాల జీతంతో కూడిన ప్రసూతి సెలవు హక్కూ పోతుంది. ఆ సెలవు రావాలంటే ప్రసవ తేదీకి ముందు 12 నెలల్లో కనీసం 80 రోజులు ఆ సంస్థలో పనిచేసి ఉండాలి. కంపెనీ మారాలనుకున్నా ఈ లెక్క గుర్తుపెట్టుకోండి.

మరి ఐవీఎఫ్ కావాల్సివస్తే? సిప్ ఆర్నెల్లు ఆపండి. ఆ 6,000, మిగిలే 8,000 కలిపి నెలకు 14,000 రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. ఆర్నెల్లకు రూ.84,000. ఉన్న 1,16,000తో కలిపితే 2 లక్షలు. క్లెయిం వస్తే 2,64,000. అప్పుడు చికిత్స మొదలుపెట్టినా కొత్త ఈఎంఐ ఉండదు, చీటీ చేతిలో ఉంటుంది. అదికూడా చాలకపోతే పర్సనల్ లోన్ కన్నా బ్యాంకులో బంగారంపై చిన్న మొత్తం తీసుకోవడం మేలు. పీఎఫ్ ముట్టుకోకండి. ఆఫీసు పాలసీతో పాటు సొంతంగా ఒక ఫ్యామిలీ పాలసీ కూడా చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై జీఎస్టీ లేదు. ప్రపోజల్లో ఈ ఆపరేషన్ సంగతి తప్పకుండా రాయండి, దాచితే రేపు పెద్ద క్లెయిం సమయంలో దాన్నే పట్టుకుంటారు.

మీవారికి వీర్య పరీక్ష ఈ వారమే చేయించండి. రెండేళ్లుగా మీకే స్కాన్లు, మీకే ఆపరేషన్, ఇప్పుడు మీరే ఉద్యోగం మానాలట. పిల్లలు కలగడంలో ఆలస్యానికి దాదాపు సగం కేసుల్లో మగవారి వైపు కారణం కూడా ఉంటుంది. ఐవీఎఫ్ ప్యాకేజీతో పోలిస్తే ఆ పరీక్ష ఖర్చు లెక్కలోకే రాదు. అది చేయకుండా రూ.2 లక్షల చికిత్స సూచించిన చోట నేనైతే రెండో అభిప్రాయం తీసుకుంటాను.

బయాప్సీ రిపోర్టు వచ్చిందో లేదో మీరు రాయలేదు. పాలిప్‌లు చాలావరకు ప్రమాదం లేనివే, అయినా ఆ కాగితం డాక్టర్ చదివి చెప్పేదాకా ఏ నిర్ణయమూ వద్దు. మీ క్లెయింకీ అదే ముఖ్యమైన ఆధారం. రేపు ఆస్పత్రికి ఫోన్ చేసి, రెండు కాపీలు తీసుకోండి.