పై ఇంటి చప్పుడు గురించి: బెంగళూరుకు కొత్తగా వచ్చినవారికి

రాజమండ్రి నుంచి ఉద్యోగరీత్యా బెంగళూరు వచ్చి, మారతహళ్ళిలో మూడో అంతస్తు ఫ్లాటులో కాపురం పెట్టిన ఒక జంట ఇటీవల నన్నొక సందేహం అడిగారు. రాత్రి పదకొండు దాటాక పై ఇంట్లో ఏవో ఈడుస్తున్నారని, పిల్లలు పరుగులు పెడుతున్నారని, తమకు కన్నడం రాదని, పైగా అద్దెకున్నవాళ్ళమని, ఎవరితో ఎలా చెప్పుకోవాలో తెలియడం లేదని వారి బాధ. విమానం ఎక్కకపోయినా భాష మారిన చోట కాపురం ప్రవాసమే. పంతొమ్మిదేళ్ళ కిందట ప్రొద్దుటూరు నుంచి వచ్చి, ఈ ఊళ్ళో నాలుగు ఫ్లాట్లు మారిన అనుభవంతో నాకు తెలిసింది చెబుతాను.

ముందుగా, నాపైనే వచ్చిన ఫిర్యాదు సంగతి. మేము వచ్చిన కొత్తలో నా భార్య ఊరి నుంచి తెచ్చుకున్న చిన్న రాతిరోట్లో తెల్లవారుజామున అయిదున్నరకే కారప్పొడి దంచేది. ఒక ఆదివారం కింది ఇంటి కన్నడ పెద్దావిడ పైకి వచ్చి, కూర్చుని, కాఫీ తాగి, చివరికి "ఏళు గంటె మేలె మాడి అమ్మా" అన్నారు. ఏడు దాటాక చేసుకోమని అర్థం. దంచవద్దని ఆవిడ అనలేదు, రోలు తీసేయమనలేదు. అడిగింది గంటన్నర వ్యవధి మాత్రమే. ఆ రోజు నుంచి రోటి కింద మడతపెట్టిన గోనెసంచి వచ్చింది, దంపుడు ఏడు తరవాతకు జరిగింది. నేను ఎవరి తలుపు తట్టవలసి వచ్చినా ఆవిడ పద్ధతినే పాటిస్తున్నాను: నిశ్శబ్దం అడగను, వేళ అడుగుతాను. "మీ పిల్లలను పరుగెత్తనివ్వకండి" అంటే ఏ తల్లికైనా కోపం వస్తుంది. "పది తరవాత మాకు నిద్ర పట్టడం లేదు, ఆ మంచం జరపడం కొంచెం ముందే ముగించగలరా" అంటే చేయదగిన పని ఒకటి ఎదురుగా కనిపిస్తుంది.

అయితే తలుపు తట్టే ముందు చప్పుడు ఎక్కడిదో రూఢి చేసుకోవాలి. మాటలు, పాటలు, టీవీ గాలిలో ప్రయాణించి కిటికీల సందుల్లోంచి, తలుపు కింది ఖాళీలోంచి వస్తాయి. అడుగుల చప్పుడు, కుర్చీ ఈడ్పు, డ్రిల్లింగు అలా కాదు. అవి కాంక్రీటు స్లాబును, దూలాలను, స్తంభాలను పట్టుకుని పాకుతాయి. అందువల్ల పైన ఒక పక్కగా ఉన్న ఫ్లాటులో మోగినది కూడా సరిగ్గా మన నెత్తిన మోగినట్టే ఉంటుంది. బెల్లందూరులో ఉన్నప్పుడు తెల్లవారుజామున వినిపించే గుర్రుమనే మోతకు పై ఇంటి పెద్దాయనను నెల రోజులు మనసులో తిట్టుకున్నాను. తీరా చూస్తే అది నీళ్ళ పంపు అదురు. స్నానాల గది పక్కన ఉన్న పైపుల గుండా పైకి ఎక్కుతోంది. ఆయన ఆ నెలలో ఇంట్లోనే లేరు. కాబట్టి వారం రోజులు తేదీ, వేళ, ఎలాంటి చప్పుడు అన్నది ఒక కాగితం మీద రాసుకోండి. ఫోనులో శబ్దం ఎంతుందో కొలిచే డెసిబెల్ యాప్ అంకెలను సాక్ష్యంగా నమ్ముకోకండి; మీ గుర్తు కోసం మాత్రం పనికొస్తాయి.

అర్ధరాత్రి కోపంతో పైకి వెళ్ళవద్దు. ఆదివారం పది పదకొండు గంటల మధ్య, వీలైతే దంపతులిద్దరూ కలిసి వెళ్ళండి. "స్వల్ప సౌండ్ కమ్మి మాడి, సర్" (కొంచెం చప్పుడు తగ్గించండి) అన్న ఒక్క వాక్యం నేర్చుకుంటే చాలు, మిగతాది హిందీలోనో ఇంగ్లీషులోనో నడుస్తుంది. ఇక్కడ ఒక మాటతో జాగ్రత్త. కన్నడంలో "తొందరె" అంటే ఇబ్బంది, మన తొందర కాదు. "నమగె తొందరె ఆగ్తా ఇదె" అని ఎవరైనా మీ గుమ్మంలో నిలబడితే వారికి అవసరమైన పని ఏదో ఉందనుకుని "పరవాలేదు, నిదానంగా వెళ్ళండి" అనకండి, నేను అన్నాను. పై ఇంటివారు తెలుగువారే అయితే పని సులువవుతుందనుకుంటారు గాని, నా అనుభవంలో అదే కష్టం. అన్నా, వదినా అని వరస కలిశాక ఫిర్యాదు మాట నోట రాదు.

రెండుసార్లు చెప్పినా మారకపోతే అపార్టుమెంటు అసోసియేషన్‌కు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఇక్కడ అద్దెకున్నవారికి ఒక ఇరకాటం ఉంది: సాధారణంగా సభ్యత్వం యజమానిదే కనుక, లేఖ ఆయన ద్వారా గాని, ఆయనకు ప్రతి పంపిగాని వెళ్ళాలి. రాత్రివేళ మాత్రం మీరే కల్పించుకోకుండా ఇంటర్‌కమ్‌లో సెక్యూరిటీకి చెప్పి, వారి చేత ఫోను చేయించడం మేలు. ఇంటీరియర్ పనుల డ్రిల్లింగుకు చాలా సముదాయాల్లో నిర్ణీత వేళలు ఉంటాయి. ఆ నియమాల ప్రతి అడిగి దగ్గర ఉంచుకోండి.

చట్టం సంగతికి వస్తే, 2000 నాటి కేంద్ర శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు. రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 వరకు. ప్రైవేటు స్థలంలో మోగే సౌండు సిస్టమ్ ఆ స్థలం హద్దు దగ్గర ఈ పరిమితిని 5 డెసిబెళ్ళకు మించి దాటకూడదు. పండుగలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా, రాత్రి 12 వరకు లౌడ్‌స్పీకర్లకు సడలింపు ఇవ్వవచ్చు కనుక, వినాయక మండపం మీద ఫిర్యాదు చేసే ముందు ఆ సంగతి విచారించుకోండి. మేడ మీద పదింటి తరవాత పార్టీ మోగుతుంటే అత్యవసర సహాయ నంబరు 112కు ఫోను చేయడంలో తప్పు లేదు. పై ఇంటి పిల్లల పరుగులకు మాత్రం ఈ దారి దాదాపు నిరుపయోగం. భారతీయ న్యాయ సంహితలో ప్రజా ఉపద్రవం అనే నేరం ఉంది, 292వ సెక్షన్ కింద వెయ్యి రూపాయల వరకు జరిమానా ఉంది, కాని అది చుట్టుపక్కల జనానికి కలిగే బాధకు సంబంధించినది. ఒక్క ఫ్లాటు నిద్ర అందులో నిలవడం కష్టం. అమెరికా వేళల్లో పనిచేసి పగలు పడుకునేవారికి చట్టపు రాత్రి ఉపయోగపడదు, వారు పొరుగువారి మంచితనం మీదనే ఆధారపడాలి.

ఇంట్లో చేసుకోదగినవి కొన్ని ఉన్నాయి. గోడలకు అంటించే ఫోము పలకలు గదిలోని ప్రతిధ్వనిని తగ్గిస్తాయే తప్ప బయటి శబ్దాన్ని ఆపవు, వాటికి డబ్బు పోయకండి. తలుపు కింది సందుకు రబ్బరు పట్టీ వేస్తే వరండా మాటలు తగ్గుతాయి. అడుగుల చప్పుడుకు మందు పై నేల మీదనే ఉంది, కనుక పై ఇంటికి వెళ్ళేటప్పుడు కుర్చీల కాళ్ళకు అంటించే మెత్తటి బిళ్ళల పొట్లం ఒకటి తీసుకెళ్ళండి. వంద, నూటయాభై రూపాయల వస్తువు, నాకు రెండు ఇళ్ళలో పనిచేసింది.

ఏదీ కుదరక ఇల్లు మారవలసి వస్తే, చాలా నెలల అద్దె అడ్వాన్సుగా అడిగే ఆనవాయితీ ఉన్న ఊరిది. డబ్బు చేతులు మారే ముందే ఆ ఫ్లాటును పగలు ఒకసారి, రాత్రి తొమ్మిది దాటాక మరొకసారి చూడండి. పడకగదిలో దీపం ఆర్పి పది నిమిషాలు ఊరికే కూర్చోండి. అన్నిటికన్నా పై అంతస్తు తీసుకుంటే నెత్తిన అడుగులు ఉండవు గాని, మేడ మీద లిఫ్టు మోటారు గది ఏ మూల ఉందో మెట్లెక్కి చూసి రండి.