నిరుద్యోగం మీద పరిశోధన చేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఎకనామిక్స్ డిగ్రీ చివరి ఏడాదిలో ఉంది. పీజీలో లేబర్ ఎకనామిక్స్ తీసుకుని జీతాలు, నిరుద్యోగం, కంపెనీలు ఉద్యోగులతో వ్యవహరించే తీరు మీద పరిశోధన చేస్తానంటోంది. డేటా సైన్స్ కోర్సు చేస్తే త్వరగా స్థిరపడతావని నేనంటే వినడం లేదు. రెండిట్లో ఏది మేలో పోల్చి చెప్పి, కాస్త నచ్చజెప్పగలరా? – ఒక తండ్రి

జవాబు: పోల్చి చెబుతాను. నచ్చజెప్పడం మాత్రం నా వల్ల కాదు. మీ అమ్మాయి తప్పుదారిలో ఏమీ లేదు.

ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. కోర్సుల పేర్లు మారతాయి గానీ, అడిగేది ఒకటే: చదువయ్యాక పిల్ల ఖాళీగా ఉండిపోతే ఎలా? ఆ భయం న్యాయమైనదే. కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం. ఈ సబ్జెక్టు చదివినవాళ్లు యూనివర్సిటీల్లోనే కాదు, సెంట్రల్ బ్యాంకుల్లో, గణాంక శాఖల్లో, ప్రపంచ బ్యాంకు, అంతర్జాతీయ కార్మిక సంస్థ లాంటి చోట్ల, కన్సల్టింగ్ కంపెనీల్లో, పెద్ద టెక్ కంపెనీల్లో కూడా పనిచేస్తున్నారు. ఇంటి నుంచి పనిచేయించాలా వద్దా అన్న ప్రశ్నే తీసుకోండి. చైనాలోని ఒక ట్రావెల్ కంపెనీ దీన్ని ఆర్థికవేత్తలతో కలిసి తన కాల్ సెంటర్లోనే పరీక్షించింది. ఇంటి నుంచి చేసినవాళ్ల పనితీరు 13 శాతం మెరుగుపడింది. ఇలాంటి విషయాలు తేల్చి చెప్పగలిగే మనిషికి పని దొరకదని నేననుకోను.

ఇక డేటా సైన్స్. లెక్కలంటే ఇష్టమున్న పిల్లలు పునాది నుంచి చదివితే అది మంచి చదువే. నా అనుమానమంతా, కొన్ని నెలల్లో బతుకు మారిపోతుందని చెప్పే కోర్సుల మీద. అవి పూర్తిచేసిన పిల్లలు రెజ్యూమెలు పట్టుకుని నా దగ్గరికి వస్తుంటారు. చాలామంది దగ్గర అవే ప్రాజెక్టులు: టైటానిక్ ప్రయాణికుల్లో ఎవరు బతికారు, ఇళ్ల ధర ఎంత పలుకుతుంది. "దీంతో నువ్వు ఏం తెలుసుకోవాలనుకున్నావమ్మా?" అని అడిగితే దిక్కులు చూస్తారు. తప్పు వాళ్లది కాదు. వాళ్లకు టూల్ నేర్పారు, ప్రశ్న వేయడం నేర్పలేదు. పైగా ఆ మొదటి మెట్టు కోడింగ్‌లో చాలా భాగం ఇప్పుడు ఏఐ చేసిపెడుతోంది. మనుషులు కిక్కిరిసి, పని తగ్గుతున్న ఆ మెట్టు మీదికే మీరు అమ్మాయిని తోస్తున్నారు.

ప్రశ్న ముందు పుడితే ఏమవుతుందో చూడండి. 1992 ఏప్రిల్‌లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం కనీస వేతనాన్ని గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05 డాలర్లకు పెంచింది. పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. జీతం పెంచితే ఉద్యోగాలు పోతాయని అప్పట్లో ఎక్కువమంది ఆర్థికవేత్తల నమ్మకం. నిజమేనా అని డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అడిగారు. న్యూజెర్సీలోనూ తూర్పు పెన్సిల్వేనియాలోనూ 410 ఫాస్ట్‌ఫుడ్ రెస్టారెంట్లను పెంపుకు ముందోసారి, తర్వాతోసారి ఫోన్లో పలకరించి, ఎంతమంది పనిచేస్తున్నారో లెక్క రాసుకున్నారు. రెండోసారి ఫోన్లో జవాబు రాని చోట్లకు మనిషినే పంపారు. న్యూజెర్సీలో ఉద్యోగాలు తగ్గిన దాఖలా వాళ్లకు కనిపించలేదు. 1994లో అచ్చయిన ఆ ఫలితం మీద పెద్ద వాదనలే జరిగాయి, కానీ పరిశోధన చేసే పద్ధతే దాంతో మారింది. క్రూగర్ 2019లో చనిపోయారు. కార్డ్‌కు 2021లో నోబెల్ వచ్చింది. వాళ్ల దగ్గర పెద్ద సాఫ్ట్‌వేర్ ఏమీ లేదు. మంచి ప్రశ్న, ఫోను, ఓపిక ఉన్నాయి.

మీరు భయపడే నిరుద్యోగాన్ని ఎలా లెక్కపెడతారో మీ అమ్మాయిని ఒకసారి అడగండి. అంతర్జాతీయ కార్మిక సంస్థ నిర్వచనం ప్రకారం, వారంలో ఒక్క గంట జీతానికో లాభానికో పనిచేసినా ఆ మనిషికి ఉపాధి ఉన్నట్టే. పని దొరక్క విసిగి వెతకడం మానేసినవాడు నిరుద్యోగుల లెక్కలోకే రాడు. అంటే నిరుద్యోగ రేటు తగ్గిందని వార్త వస్తే, జనానికి పని దొరికిందో, ఆశే పోయిందో ఆ ఒక్క అంకె చెప్పలేదు. దాన్ని విప్పి చూడటమే ఈ చదువు. ఇది లక్షల ఇళ్లకు సంబంధించిన విషయం. ఒక పిల్ల దీని మీద పనిచేస్తానంటే నాకు సంతోషంగా ఉంటుంది.

కష్టాలు లేవని చెప్పను. పీహెచ్‌డీకి ఐదారేళ్లు పట్టొచ్చు. ఆ మధ్యకాలంలో తోటివాళ్లు బాగా సంపాదిస్తుంటారు, ఆమెకు వచ్చేది స్టైపెండ్. కానీ పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. పీజీ తర్వాత ఏడాదో రెండేళ్లో రీసెర్చ్ అసిస్టెంట్‌గా చేసి, అప్పుడు తేల్చుకోవచ్చు. స్టాటిస్టిక్స్, ఎకనోమెట్రిక్స్ (ఆర్థిక విషయాలను డేటాతో తేల్చే పద్ధతులు) గట్టిగా చదవాలి. డేటాను లెక్కగట్టే స్టాటా, ఆర్ అనే సాఫ్ట్‌వేర్లలో ఒకటైనా నేర్చుకోవాలి, పైథాన్ కోడింగ్ కూడా వస్తే మంచిది. ఇవన్నీ వచ్చినమ్మాయి డేటా ఉద్యోగాలకూ పనికొస్తుంది. అందుకే మీరడిగిన పోలిక ఇంతకంటే సాగదీయను.

ఒక మాట సూటిగా చెబుతాను, నొచ్చుకోకండి. మీ ఉత్తరంలో మీ ఆలోచన ఉంది, మీ ఆందోళన ఉంది. ఆమెకు ఈ సబ్జెక్టు ఎందుకు నచ్చిందో ఒక్క ముక్క లేదు. మీరు అడగలేదనుకుంటాను. డిగ్రీలో ఉండగానే "నేను ఫలానా విషయం మీద పనిచేస్తాను" అని చెప్పగలిగే పిల్లలు నాకు అరుదుగా కనబడతారు. మీ ఇంట్లో అలాంటి పిల్ల ఉంటే, ఆమె మనసు మార్చమని బయటివాడినైన నన్ను అడుగుతున్నారు. అది సరికాదు.

ఈ వారంలో ఒక సాయంత్రం ఫోన్ పక్కన పెట్టి ఆమె దగ్గర కూర్చోండి. తనకు నచ్చిన పరిశోధన ఒకటి మీకర్థమయ్యేలా చెప్పమనండి. మధ్యలో జీతం ఊసెత్తకండి. ఆ తర్వాత కూడా మీకు టెన్షన్ తగ్గకపోతే మళ్లీ రాయండి. ఈసారి ఉత్తరం ఇద్దరూ కలిసి రాయాలి.